ఒక్క హత్యా చూడని మావయ్య

మా మావయ్యకి హత్యల సినిమాలంటే ప్రాణం. కానీ ఇన్నేళ్ళలో ఒక్క హత్య కూడా చూసిన పాపాన పోలేదు. హంతకుడి నల్ల గ్లవ్సు తెర మీద కనపడగానే జేబులోంచి కర్చీఫ్ తీసి మొహాన కప్పుకుంటాడు. దాని కిందనుంచే "అయిందా?" అని అడుగుతాడు. "ఇంకా లేదు" అంటే "ఎంతసేపు పొడుస్తాడు వెధవ! ఇంటికెళ్ళే పని లేదా వాడికి?" అని విసుక్కుంటాడు. "అయింది" అన్నాక కర్చీఫ్ తీసి, నాలుగు మడతలు పెట్టి, "అద్భుతమైన సీను!" అంటాడు.

పైగా ఆయన ఆ సినిమాల అభిమాన సంఘానికి అధ్యక్షుడు.

ఇవి మామూలు హత్యల సినిమాలు కావు. ఇటలీవాళ్ళు యాభై ఏళ్ళ కిందట ఇష్టంగా తీసినవి. జాల్లో సినిమాలంటారు. ఆ మాటకి వాళ్ళ భాషలో పసుపు అని అర్థం. అక్కడ చవక డిటెక్టివ్ నవలలు పసుపు అట్టలతో వచ్చేవట, ఆ పేరే ఈ సినిమాలకీ అంటుకుంది. వీటిలో అందరూ డబ్బున్నవాళ్ళు, అందరివీ మంచి బట్టలు, ప్రతి ఇంట్లోనూ మెలికలు తిరిగే మెట్లు. కత్తి పైకి లేస్తుంటే వెనక ఎవరో ఆడమనిషి పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు హాయిగా కూనిరాగం తీస్తుంటుంది. మొదటి పది నిమిషాల్లోనే ఒక సాక్షి హత్య చూస్తాడు. చూసిందాంట్లో ఏదో ముఖ్యమైనది ఉంది, అదేమిటో గుర్తురాదు. మిగతా సినిమా అంతా బుర్ర గోక్కుంటాడు.

మా ఊరి లైబ్రరీ పై గదిలో ప్రతి ఆదివారం పొద్దున్న ఈ సినిమాల అభిమానులు చేరతారు. పసుపు సంఘం అని పేరు. ఒకప్పుడు ఏడుగురే. ఇప్పుడు పాత సినిమాలకి మరమ్మతు చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు, కుర్ర దర్శకులు అదే పద్ధతిలో కొత్తవీ తీస్తున్నారు. దాంతో కాలేజీ పిల్లలు కూడా వచ్చి కుర్చీలు చాలక కిటికీల్లో కూర్చుంటున్నారు. వాళ్ళకి మా మావయ్య ఉపన్యాసమిస్తాడు.

"కొత్తవాళ్ళు రంగులు బాగానే వేస్తున్నారు. కానీ హంతకుడికి తొందరెక్కువ. పాతవాళ్ళు గ్లవ్సు తొడుక్కోడానికే అరనిమిషం తీసుకునేవాళ్ళు. అదీ మర్యాదంటే!"

"మరి పొడవడం ఎవరిది బాగుంటుంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"నాకేం తెలుసు తల్లీ? నేను చూడలేదుగా" అన్నాడు అధ్యక్షుడు. గది గదంతా పగలబడి నవ్వింది.

ఆ నవ్వుల మధ్య పక్క కుర్చీలో ముడుచుకుని కూర్చునేదాన్ని నేను. నాకో డ్యూటీ ఉంది. మావయ్య కర్చీఫ్ మొహం మీద నిలవదు. "జారిపోతోందమ్మా, పట్టుకో" అంటాడు. నేను తెరకి వీపు పెట్టి, ఆయన వైపు తిరిగి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని కూర్చోవాలి. వెనక ఎవరో ఆడమనిషి కెవ్వుమంటుంది. "అయిందా?" అంటాడు మావయ్య. నేను వెనక్కి తిరక్కుండానే చెవులతో లెక్కగట్టి "ఇంకో రెండు పోట్లు" అని చెప్తాను. ఏడేళ్ళప్పుడు మొదలైన ఉద్యోగం ఇది. ఇప్పుడు నాకు నలభై.

ఈ పిరికితనం సినిమాలతో ఆగలేదు. నాకు ఇంజెక్షన్ చేయించడానికి తీసుకెళ్ళి, సూది కనపడగానే తనే కర్చీఫ్ కప్పుకున్నాడు. నర్సు నన్ను వదిలేసి ఆయనకి మంచినీళ్ళు పట్టింది. ఆయన్ని ఊరడిస్తూ నేను ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నానో కూడా చూసుకోలేదు. పరీక్ష ఫలితాలొచ్చిన రోజు నోటీసు బోర్డు ముందు కర్చీఫ్. "నువ్వే చదువు, నావల్ల కాదు" అన్నాడు. నేను కారు నేర్చుకుని మొదటిసారి రోడ్డెక్కినప్పుడు పక్క సీట్లో కర్చీఫ్. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, "ఆయన పోయారా మేడమ్?" అని మెల్లగా అడిగాడు.

"ఇంత పిరికివాడివి, ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా ఎలా చేశావు మావయ్యా?" అంటే, "పొట్టకూటికమ్మా" అనేవాడు.

ఇక నా సంగతి. నేను పుట్టుకతో భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూస్తాను. తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూస్తాను. ఫోన్ మోగితే ఎవరికి ఏమైందోనని గుండె గుభేలుమంటుంది, మోగకపోతే ఇంకా గుభేలుమంటుంది. లిఫ్టులో ఎక్కను. అందుకే మూడో అంతస్తులో ఉన్న మా ఆఫీసుకి రోజూ మెట్ల మీదే వెళ్తాను. అక్కడ పాత సినిమా రీళ్ళని శుభ్రం చేసి, వెలిసిపోయిన రంగులు మళ్ళీ పెట్టడం మా పని. రంగులు నా వంతు.

ఇన్నాళ్ళూ పాత వ్యవసాయ చిత్రాలు, వంతెనల ప్రారంభోత్సవాలు వచ్చేవి. చెరుకు తోటలకి రంగు వేయడంలో భయమేముంది? ఈసారి జాల్లో సినిమా వచ్చింది. గ్లవ్సు కొట్టు నడిపే ఒకావిడ కథ. ఎక్కడో గోదాములో దొరికిన ఒకే ఒక్క ప్రింటు. ఎప్పుడో మా మావయ్య హాల్లో నలభై రోజులు ఆడిన సినిమా అదే. ఎర్ర గులాబి రంగు తప్ప ఇంకేమీ మిగల్లేదు దాంట్లో. ఆకాశం గులాబి, పోలీసులు గులాబి.

మా ఆఫీసు పెద్దాయన నన్ను పిలిచి తలుపు వేశాడు. తలుపు వేశాడంటేనే నాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు.

"చూడమ్మా, కిందటిసారి మనం ఆకాశం పచ్చగా చేసి పంపాం. నీ తప్పు కాదు, కానీ నీ పేరుంది. ఈ జాల్లో అభిమానులు మామూలు మనుషులు కారు. గోడ రంగు తేడా వస్తే పీక పిసుకుతారు. శుక్రవారం మధ్యాహ్నం కంపెనీవాళ్ళకి చూపించాలి. ఈసారి కూడా నవ్వులపాలైతే రంగుల పని నీకివ్వలేను. ఆఫీసు పనిలో పెడతాను."

ఆఫీసు పనంటే ఫోన్లు ఎత్తడం. నా సంగతి తెలిసే అన్నాడో తెలియక అన్నాడో.

మిగతా సినిమా అంతా ఒక కొలిక్కి వచ్చింది. మెట్ల మీద హత్య దగ్గర ఆగిపోయాను. వెనక పెద్ద గోడ. దాని రంగేమిటో చెప్పేవాళ్ళు లేరు. సంఘంలో అడిగితే, చిన్నప్పుడు ఆ సినిమా చూసినవాళ్ళు ఇద్దరు తేలారు. పళ్ళ డాక్టరు "నీలం, సందేహమే లేదు" అన్నాడు. భూగోళం మాస్టారు "ఆకుపచ్చ, నా కళ్ళారా చూశాను" అన్నాడు. "మీకు పంటికీ చిగురుకీ తేడా తెలుసేమో గానీ రంగులు తెలియవు" అని మాస్టారు. "మీ మ్యాపుల్లో సముద్రం కూడా ఆకుపచ్చేనా?" అని డాక్టరు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు కుడి గోడకి, ఒకరు ఎడమ గోడకి ఆనుకుని కూర్చుంటున్నారు.

మిగిలింది మావయ్య. నలభై రోజులు, రోజుకి నాలుగాటలు. నూటఅరవై సార్లు వేసిన మనిషి.

"నేను చూడలేదుగా! నువ్వేగా కళ్ళు మూశావు?" అన్నాడు.

"సాయంత్రం ఆటకేగా నేనుండేదాన్ని. మిగతా మూడాటలకీ ఎవరు మూశారు?"

"నేనే మూసుకున్నాను. అభిమానం ఉన్నవాణ్ణి, చిన్న సాయం నేను చేసుకోలేనా?" అని, చదువుతున్న పేపరు తిరగేశాడు. నాకు ఒళ్ళు మండింది. "నా ఉద్యోగం పోతే నీ కర్చీఫులు ఉతుక్కుంటూ కూర్చుంటాను" అని తలుపు ధడాలున వేసి వచ్చేశాను. మెట్లు దిగాక ఆ తలుపు సరిగా పడిందో లేదోనని మళ్ళీ ఎక్కి చూశాను. మావయ్య పేపరు పక్కన పెట్టి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

గురువారం పొద్దున్న. ఇంకో రోజే ఉంది. ఆ సీను నన్ను మూడు రోజులుగా పీక్కుతింటోంది. నిజం చెప్పాలంటే దాన్ని నేను ఒక్కసారి కూడా నడిపించి చూడలేదు. ఒక్కొక్క బొమ్మనీ ఆపి, ఎడం చేత్తో తెర మీద ఆ ఆడమనిషినీ కత్తినీ మూసేసి, పైనున్న గోడ మూలని మాత్రం చూస్తూ పనిచేశాను. ఆ మూల ఒక బొమ్మలో కాస్త వెలుగు, ఇంకో బొమ్మలో కాస్త మసక. పాత రీళ్ళకి ఈ మినుకుమినుకు జబ్బు మామూలే. మూడు రోజులు కష్టపడి దాన్ని చదును చేశాను. ఇప్పుడు గోడ బల్లపరుపుగా, ఏ రంగూ లేకుండా, బూడిదలా ఉంది.

తలుపు తోసుకుని మావయ్య వచ్చాడు. మూడంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు.

"లిఫ్టుందిగా మావయ్యా!"

"నువ్వెక్కనిది నేనెందుకు ఎక్కాలి? ఏదీ, ఆ సీను వెయ్యి."

"నువ్వు చూడవుగా!"

"వెయ్యవే ముందు" అని కుర్చీ లాక్కుని కూర్చుని, యథాప్రకారం కర్చీఫ్ కప్పుకున్నాడు. నేను అలవాటు కొద్దీ ఆయన వైపు తిరిగి కొసలు పట్టుకోబోయాను. నా చేతులు తీసేశాడు. "ఇటు కాదు. అటు చూడు. నీ పని అక్కడుంది."

మీట నొక్కి, వేళ్ళ సందుల్లోంచి చూడ్డం మొదలుపెట్టాను. నల్ల గ్లవ్సు వచ్చింది. కూనిరాగం మొదలైంది. ఆవిడ మెట్ల మీద పరుగెడుతోంది.

"గోడని చంపేశావు కదే!" అన్నాడు మావయ్య కర్చీఫ్ లోంచి. "మినుకుమినుకు ఏదీ?"

"అది రీలు జబ్బు. తీసేశాను."

"జబ్బు నీకుంది! అసలు గోడకి రంగే లేదు, వట్టి సున్నం. బయట కొట్టు బోర్డు వెలిగి ఆరుతుంటుంది. రెండు రంగుల బోర్డు. ఆవిడ పరుగెత్తేటప్పుడు నీలం, పడ్డాక ఆకుపచ్చ. పాత కాపీ వెయ్యి. ఆఁ, ఆపు, ఇక్కడ నీలం. ఇంకొంచెం... ఇదిగో, ఇక్కణ్ణుంచి ఆకుపచ్చ. ఆవిడ చెప్పు తెలుపు కాదు, లేత పసుపు. ఎడం కాలిది ఊడిపోయిందే, అది."

నేను తెరని వదిలేసి ఆయన్ని చూశాను. మొహం నిండా కర్చీఫ్ కప్పుకున్న మనిషి ఏ చెప్పు ఊడిందో చెబుతున్నాడు.

ఆ కర్చీఫ్ లాగి నా మొహాన వేసుకున్నాను. ఉతికి ఉతికి అరిగిపోయిన పల్చటి గుడ్డ. మెట్లు కనపడుతున్నాయి. కత్తి కనపడుతోంది. తెర కుడివైపు పైమూలన గుండ్రటి చిన్న చుక్క ఒకటి మెరిసి మాయమవడం కూడా కనపడింది.

ఆ చుక్క సంగతి నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు ఆపరేటరు గదిలో మావయ్యే చెప్పాడు. రీలు అయిపోవస్తోందని గుర్తు అది. అది కనపడిన ఏడెనిమిది సెకన్లకి ఇంకోటి వస్తుంది. అప్పుడు క్షణం ఆలస్యం కాకుండా రెండో మిషన్ మీదికి మార్చాలి. మారకపోతే తెర తెల్లబోతుంది, హాలంతా ఈలలు. మావయ్య హాల్లో ఒక్కసారి కూడా ఈల పడలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

"మావయ్యా, చుక్క సరిగ్గా హత్య మధ్యలో ఉంది."

"ఉంటుంది."

"కళ్ళు మూసుకున్నవాడివి నూటఅరవై సార్లు రీలెలా మార్చావు?"

ఈ సినిమాల్లో దొరికిపోయిన హంతకుడు పది నిమిషాలు తన బాల్యం గురించి చెబుతాడు. మావయ్య నా బాల్యం గురించి చెప్పాడు.

"మీ అమ్మకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీలు. నిన్ను నా దగ్గర దింపి వెళ్ళేది. మొదటిరోజే ఆపరేటరు గది చిన్న కిటికీలోంచి చూసి కొయ్యబారిపోయావు. చూడకు అంటే ఇంకా చూస్తావు, కళ్ళు ఇంతింతలు చేసుకుని. ఏం చెయ్యను? మిషన్ వదిలి రాలేను. నాకు భయమేస్తోందే అన్నాను. అంతే, పరుగెత్తుకొచ్చి నా మొహం మూసేశావు. 'నేనున్నాగా మావయ్యా' అన్నావు. ఏడేళ్ళ పిల్లవి! వణుకు ఎటుపోయిందో పోయింది. సరే, వీపు అటుంది, చేతులకి పనుంది, ఇదేదో బాగుందనుకున్నాను."

"మరి ఇంజెక్షనప్పుడు?"

"నువ్వు ఏడవడానికి సిద్ధంగా ఉన్నావు. నేను ముందు ఏడిచాను."

"నోటీసు బోర్డు?"

"అంతే."

"కారు?"

"అది మాత్రం నిజం భయమే" అన్నాడు మావయ్య.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముప్ఫైమూడేళ్ళుగా ఈయన్ని నేను కాపాడుతున్నాననుకున్నాను. నలుగురూ నవ్వుతున్నా పాపం భయస్తుడని జాలిపడి పక్కనే కూర్చున్నాను. ఆ జాలి మీదే నేను బతికానని అప్పుడు తెలిసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఇంత ఆలస్యంగా చెప్పినందుకు.

"చెప్పేవాణ్ణి కాదు. నిన్న నువ్వు చేత్తో తెర మూసుకుని పనిచేస్తున్నావని మీ ఆఫీసు వాచ్‌మన్ చెప్పాడు. నిన్ను కాపాడబోయి పనికిరాకుండా చేశాననిపించింది. నిద్ర పట్టలేదు" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంక చూడు. నేనిక్కడే ఉన్నాను."

పాత కాపీని మొదట్నుంచి వేశాను. ఈసారి వేళ్ళు అడ్డం పెట్టుకోలేదు. నా జీవితంలో మొదటిసారి ఒక హత్యని పూర్తిగా చూశాను. రక్తం కిటికీలకి వేసే పెయింటులా ఉంది. కత్తి ఆవిడకి జానెడు దూరంలోనే ఆగిపోతోంది. ఆవిడ ఒరిగి పడి, చచ్చిపోయి, ఆ తర్వాత మెల్లగా చెయ్యి జాపి గౌను మోకాళ్ళ మీదికి సర్దుకుంది.

"దీనికా నేను ఇన్నేళ్ళు..." అన్నాను.

"దీనికే. పాపం, మంచి కుటుంబంలోంచి వచ్చిన మనిషిలా ఉంది" అన్నాడు మావయ్య.

మూడు రోజులు కష్టపడి చదును చేసిందంతా పారేసి, మినుకుమినుకుని వెనక్కి తెచ్చి, ఒక్కొక్క బొమ్మకీ నీలం, ఆకుపచ్చ వేశాను. శుక్రవారం మధ్యాహ్నానికి నా వేళ్ళు వంగడం మానేశాయి. పెద్దాయనా, కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరూ చీకట్లో కూర్చుని చూశారు. నేను వెనక గోడకి అంటుకుపోయి, వాళ్ళ మెడలు ఎటు కదులుతున్నాయో చూస్తూ నిలబడ్డాను. సీను అయ్యాక కంపెనీవాళ్ళిద్దరూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"మళ్ళీ వెయ్యండి" అన్నారు కంపెనీవాళ్ళు. రెండోసారి చూసి, ఆ ఇద్దరిలో పెద్దావిడ అంది: "గోడకి ప్రాణం వచ్చింది. ఇంకో నాలుగు సినిమాలున్నాయి మా దగ్గర. ఈ అమ్మాయికే ఇవ్వండి."

పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు. ఈసారి తలుపు వెయ్యలేదు. "ఎలా తెలిసిందమ్మా నీకు?"

"సాక్షి దొరికాడండీ."

"పేరు చెప్పు, చివర్లో వేద్దాం."

పరుగున వెళ్ళి మావయ్యకి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకుంటే కంగారుపడిపోయాడు.

"నా పేరా? నీకేమైనా మతిపోయిందా? నేను చూశానని సంఘంలో తెలిస్తే ఇంకేమైనా ఉందా! అధ్యక్ష పదవి పోతుంది. నీ పేరే వేసుకో. నోరు విప్పావో, చూడు మరి."

పిరికివాడన్న పేరు పోతుందని ఇంత భయపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఆదివారం అర్థమైంది.

లైబ్రరీ పై గది కిక్కిరిసిపోయింది. కంపెనీవాళ్ళని అడిగి తెచ్చిన మా గ్లవ్సు కొట్టు సినిమా మెట్ల దగ్గరికి వచ్చింది. మావయ్య కర్చీఫ్ కప్పుకున్నాడు. నేను తెరవైపే తిరిగి కూర్చున్నాను. గోడ మీద నీలం విరిసింది. "నీలం! చెప్పానా!" అని కుడి గోడ దగ్గర డాక్టరు లేచాడు. ఆవిడ పడింది. "ఆకుపచ్చ!" అని ఎడమ గోడ దగ్గర మాస్టారు లేచాడు. ఇద్దరూ నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దీపాలు వెలిగాయి. నేను బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను, మళ్ళీ గొడవపడతారేమోనని. డాక్టరు గబగబా మావయ్య దగ్గరికి వచ్చాడు. "అయ్యో అధ్యక్షా, మీరు చూడనే లేదు! అది చూడకపోతే ఈ జన్మ దండగండీ. నేను చెప్తాను వినండి. గోడంతా నీలంగా..."

"ముందు బోర్డు గురించి చెప్పండి డాక్టరుగారూ" అన్నాడు వెనకే వచ్చిన మాస్టారు. "బోర్డు చెప్పకపోతే ఆయనకేం అర్థమవుతుంది?"

"అదీ నిజమే. మీరు చెప్పండి. ఆకుపచ్చ దగ్గర మీదే పైచెయ్యి."

కాలేజీ పిల్లలు కూడా చుట్టూ మూగారు. ఆ చెప్పు ఊడిందని ఒకమ్మాయి, కాదు విసిరేసిందని ఇంకొకడు. తలో మాటా అందిస్తూ, ఒకరి మాట ఒకరు సరిదిద్దుతూ, ఆ హత్యని మా మావయ్యకి మొదట్నుంచీ అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. "నిజంగానా!" అంటున్నాడు. "బాబోయ్!" అంటున్నాడు. నూటఅరవై సార్లు చూసిన మనిషి.

డాక్టరు మరీ ఉత్సాహపడి గొంతు పెంచితే మావయ్య ఆయన చెయ్యి పట్టుకుని, "కాస్త మెల్లగా చెప్పండి డాక్టరుగారూ, నాకు అసలే భయం" అన్నాడు.

డాక్టరు గొంతు తగ్గించి ఆయనకి కుడివైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాస్టారు ఇంకో కుర్చీ తెచ్చి ఎడమవైపు వేసుకున్నాడు.